అక్క అరిచిన మాట

భోజనాల వేళ పళ్ళమ్మాయి తన క్యారేజీ తెరవకుండా వెనక గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుందంటే, ఆ రోజు చిన్నమ్మమ్మతో మాట్లాడే రోజన్నమాట. ఆ సంగతి ల్యాబులో అందరికీ తెలుసు. అది కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబు. ఊళ్ళో పళ్ళ డాక్టర్లు బోసినోళ్ళ కొలతలు తీసి పంపిస్తారు. ఇక్కడ వాటికి అచ్చులు పోసి, మైనంలో పళ్ళు గుచ్చి, చిగుళ్ళు చెక్కి, సానపట్టి తిరిగి పంపిస్తారు. మైనంలో పళ్ళు గుచ్చే బల్ల ఆమెది. వయసు నలభై దాటినా, కూతురు కాలేజీకొచ్చినా, చేరిన కొత్తలో పెట్టిన పళ్ళమ్మాయి అన్న పేరు మాత్రం ఆమెని వదల్లేదు.

వెనక గదిలో గోడ పొడుగునా అరలు, అరల నిండా ప్లాస్టరు దవడలు. ఎవరెవరివో. పళ్ళు పట్టుకెళ్ళినవాళ్ళు బిగుతనో వదులనో మళ్ళీ వస్తారు కాబట్టి కొన్నాళ్ళు ఉంచాలని యజమాని నియమం. వాటి మధ్య ప్లాస్టరు బస్తా మీద కూర్చుని, ఫోనుని ఎవరిదో ఒక దవడకి ఆనించి పెట్టుకుని, ఆమె తన తల్లి వైపు జనం గురించి నేర్చుకునేది. మొదట్లో ఆ గదంటే ఆమెకి ప్రాణం. ఇప్పుడు తలుపు గడియ మీద చెయ్యి వేసి, తియ్యకుండా ఆగిపోతోంది.

తల్లి కొండల్లో పుట్టిన మనిషి. అక్కడి ఆదివాసీ జనంలోంచి చదువుకని చిన్నప్పుడే హాస్టలుకి దిగి, మళ్ళీ పైకి వెళ్ళలేదు. కొండభాష ఇంట్లో మాట్లాడేది గానీ, అది కూడా కోపం వచ్చినప్పుడే. అందుచేత పళ్ళమ్మాయికి ఆ భాషలో తిట్లు ముందొచ్చాయి, మాటలు తరవాతొచ్చాయి. తల్లి పోయిన కొన్నాళ్ళకి, కొండమీది ఆసుపత్రి నర్సు ఎక్కడ సంపాదించిందో నంబరు సంపాదించి ఫోను చేసింది. మీ అమ్మగారి పిన్ని ఉన్నారండీ, మిమ్మల్ని ఒకసారి చూస్తారట అంది. తెర మీదికి ముడతలు పడ్డ మొహం ఒకటి వచ్చింది. ఆ మొహం ఆమెని ఎగాదిగా చూసి, "ఒసేయ్, మీ అమ్మ చెవులే వచ్చాయి నీకు" అంది.

తల్లి పోయాక ఈ లోకంలో ఆమెని ఒసేయ్ అనే హక్కున్నవాళ్ళు ఎవరూ మిగల్లేదు. పళ్ళమ్మాయి ఆ పూట ప్లాస్టరు బస్తా మీద కూర్చుని కడుపారా ఏడ్చింది.

అప్పటినుంచి వారం తప్పకుండా మాటలు. కొండమీద సిగ్నలు ఉన్నది ఆసుపత్రిలోనే. అందుకని చిన్నమ్మమ్మ కర్ర పోటేసుకుంటూ అక్కడికి వచ్చేది. నర్సు ఫోనుని మందుసీసాలకి ఆనించి పెట్టేది. చెట్టు కొట్టే ముందు దానికి చెప్పాలనీ, చెప్పిన రోజు కొట్టకుండా మర్నాటిదాకా ఆగాలనీ, అప్పటికి మనిషి మనసు మారొచ్చనీ చెప్పింది ముసలావిడ. చావు జరిగిన ఇంట్లో ఓదార్చడం తప్పనీ, పక్కన కూర్చుని వాళ్ళ పని తమ చేతుల్లోకి తీసుకోవాలనీ చెప్పింది. పళ్ళు కట్టి పంపిస్తానని ఈవిడ ముచ్చటపడితే, "ఈ వయసులో ఎవర్ని కరవాలే?" అని పగలబడి నవ్వింది.

మనవరాలికి వినే ఓపిక ఉందని రూఢి చేసుకున్నాక చిన్నమ్మమ్మ అసలు పని మొదలుపెట్టింది. తన దగ్గర ఒక కథ ఉందనీ, అది ఎవరికో ఒకరికి అప్పగించాలనీ అంది. రాసుకోకూడదు, ఫోనులో పట్టుకోకూడదు. డబ్బాలో పెట్టిన మాట మురిగిపోతుందట. ముసలావిడ చెప్తుంది, పళ్ళమ్మాయి వింటుంది. తరవాత పళ్ళమ్మాయి చెప్తుంది, ముసలావిడ తప్పులు దిద్దుతుంది. మొదటినుంచి చివరిదాకా ఒక్క తప్పు లేకుండా చెప్పిన రోజున "సరిగ్గా చెప్పావు" అని పెద్దవాళ్ళు అంటారు. ఆ మాటతో అప్పగింత అయిపోయినట్టే. ఆ కథ చెప్పేటప్పుడు మూడో మనిషి వినకూడదు కాబట్టి నర్సు కూడా బయటికి వెళ్ళిపోయేది.

కథ చిన్నదేం కాదు. గుర్రాల మీద వచ్చిన సైన్యం ఆ జనాన్ని తరిమితే కొండ తరవాత కొండ దాటుకుంటూ పారిపోయారు. చివరికి ఇద్దరు అక్కచెల్లెళ్ళు మిగిలారు. చెల్లెలి వీపున పసిపాప. ముందు కుక్క. అడ్డంగా పొంగిన ఏరు. వాళ్ళ దగ్గర తీగలు పేనిన తాడు ఉంది గానీ ఈ ఒడ్డున కట్టడానికి చెట్టు లేదు. అక్క తాడు ఒక కొస నడుముకి చుట్టుకుని, బండకి కాళ్ళు తన్నిపెట్టి నిలబడింది. చెల్లెలు రెండో కొస పట్టుకుని ఈదింది. ఆమె అవతలి ఒడ్డెక్కేసరికి వెనక గుర్రాలు వచ్చేశాయి. తాడు ఏట్లో పడింది. అక్క ఒక మాట అరిచింది.

ఇంతవరకూ కొండమీద పిల్లాపెద్దా అందరికీ తెలుసు. ఏం అరిచిందన్నది మాత్రం కథని మోసే మనిషి ఒక్కరికే తెలుసు. అప్పగింతలో తప్ప ఆ మాట పెదవి దాటకూడదు. ఆ మాటని బట్టే తెలుస్తుంది, అక్క తాడు వదిలేసిందో, చెల్లెలు లాగేసుకుందో. ఆ జనమంతా ఆ చెల్లెలి వీపున ఉన్న పాప సంతతి మరి. ముసలావిడ గొంతు తగ్గించి ఆ మాట చెప్పిన రోజున, అరల్లో దవడలన్నీ చెవులొచ్చి వింటున్నట్టు అనిపించింది పళ్ళమ్మాయికి.

ఆమెది మంచి జ్ఞాపకం. కొలతలు చూడకుండా అచ్చు చూసి ఇది ఫలానా డాక్టరు పంపింది అని చెప్పగలదు. కథంతా గొంతులోకి వచ్చేసింది. రేపు చెప్పేస్తా, ముసలావిడ మురిసిపోతుంది అని సంబరపడుతుండగా నర్సు ఫోను చేసింది. చిన్నమ్మమ్మకి గుండె బాగా లేదనీ, మాత్రల మీదే నడుస్తోందనీ, మొన్నొకసారి మూతి కాస్త వంకర పోయి మళ్ళీ సర్దుకుందనీ చెప్పింది.

"కథ అప్పగించేదాకానే మింగుతానంటోందండీ మాత్రలు. ఆ తరవాత ముట్టదట. వీళ్ళలో అంతేనండీ. మోసేవాళ్ళు బరువు దించాక ఇంక ఉండాలనుకోరు. ఈవిడకి కథ ఇచ్చినావిడ కూడా ఆ వారమే పోయిందట."

నర్సు ఇదంతా వాతావరణం కబురు చెప్పినంత మామూలుగా చెప్పింది. పళ్ళమ్మాయికి మాత్రం చేతిలో వేడి మైనం కత్తి వేలికి తగిలి చురుక్కుమన్నా తెలియలేదు. తను తప్పు లేకుండా చెప్పడమంటే ఆ మనిషిని చేతులారా చంపుకోవడమే. అమ్మని ఎలాగూ ఆపలేకపోయింది. ఈవిడని ఆపడం తన నోట్లో ఉంది.

మర్నాడు ఫోనులో, అవతలి ఒడ్డున ముందు నీళ్ళు తాగింది కుక్క అనాల్సింది పాప అనేసింది.

"పాప ఎలా తాగుతుందే, వీపున కట్టి ఉంటే? నీ బుర్రలో కూడా మైనమేనా?" అని ముసలావిడ నవ్వి, వచ్చేవారం మళ్ళీ చెప్పమంది.

అలా మొదలైంది. వారం వారం ఒక తప్పు. కొండల వరస ఒకసారి మార్చేది, పాప ఏడుపు ఒకసారి మింగేసేది. కానీ ముసలావిడ ఊరుకునే రకం కాదు. దిద్దిన తప్పు మళ్ళీ చేస్తే కళ్ళు చిట్లించి చూసేది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు పళ్ళమ్మాయి గతుక్కుమనేది. ఏ తప్పు చేస్తే అనుమానం రాదా అని ఆలోచించి, చివరి మాట దగ్గర తప్పడమే మేలనుకుంది. అది ఒక్కసారే విన్న మాట కదా, పట్నం పిల్లకి నిలవలేదని సరిపెట్టుకుంటుంది. ఒకసారి అక్క చేత "పాపని చూసుకో" అనిపించింది. ఒకసారి "నేను వెనకే వస్తా" అనిపించింది. ఇంకోసారి ఏదీ తోచక "నన్ను వదిలి వెళ్ళకే" అనిపించి, అన్నాక తనకే ఏదోలా అయి తల దించుకుంది. ముసలావిడ ప్రతిసారీ కాదని తల ఊపి గుర్తు తెచ్చుకోమనేది గానీ, ఆ మాట మాత్రం మళ్ళీ పలికేది కాదు.

ఇంట్లో మొగుడికి ఈ సంగతి చెప్తే, స్కూలు వ్యాను తుడుస్తున్నవాడు గుడ్డ పక్కన పెట్టి, పోనీలే, నీ తప్పుల మీద ఒక ప్రాణం బతుకుతుంటే తప్పేముంది అన్నాడు. పాపం, మంచివాడు. మంచివాళ్ళ సలహాల్లో ఉండే ప్రమాదమే అది, వినడానికి హాయిగా ఉంటాయి. ఆమె నెలల తరబడి ఆ హాయిలోనే ఉండిపోయింది. అంతసేపూ కొండమీద ముసలావిడ బుర్రలో ఏం జరుగుతోందో ఆమెకి తట్టనే లేదు.

ఒక మధ్యాహ్నం కథ చెప్తూ చివర "పాపని చూసుకో" అంది. ముసలావిడ ఎప్పటిలాగే తల అడ్డంగా ఊపింది. ఈసారి దిద్దింది కూడా.

"కాదే. వెనకే వస్తా అన్నది కదా అక్క."

 అది పళ్ళమ్మాయి తను కల్పించిన మాట. ఏదో ఒకటి అనాలి కదా అని, ఆకలి మీద ఉండి, నోటికొచ్చి అనేసిన మాట. అది వెళ్ళి వెళ్ళి ముసలావిడ నోట్లోంచి, ఎప్పటినుంచో తాతముత్తాతలది అయినట్టు, నిబ్బరంగా తిరిగొచ్చింది. 

పరీక్షిద్దామని పై వారం "వెనకే వస్తా" అనే చెప్పింది. ముసలావిడ చాలాసేపు తెరకేసి చూసింది. కళ్ళు ఎక్కడో వెతుకుతున్నాయి. "కాదు. వదిలి వెళ్ళకే అంది. అలాగే కదూ?" అని, చివరి మాట పళ్ళమ్మాయినే అడిగింది.

ఆ రోజు సిగ్నలు పోయిందని అబద్ధమాడి ఫోను పెట్టేసింది పళ్ళమ్మాయి. ఏమీ ఫరవాలేదు, అసలు మాట నాకు తెలుసు కదా అని ధైర్యం చెప్పుకుంది. తెలిసిన మాటని ఒకసారి మనసులో అనుకుందామని కళ్ళు మూసుకుంది. మూడు మాటలు వచ్చాయి. మూడూ అక్క గొంతుతోనే వచ్చాయి. వాటి వెనక నాలుగోది ఒకటి ఉండాలి, అది రాలేదు. పోనీ ఈ మూడింట్లోనే ఒకటి అసలుదేమో, తప్పు చెప్తున్నాననుకుని ఒక వారం నిజమే చెప్పేసిందేమో. అదీ తేల్చుకోలేకపోయింది.

తాను తీసిన గోతిలో తానే పడ్డమంటే ఏమిటో ఆమెకి అప్పుడు తెలిసింది. ఆ వారమంతా మనిషి మనిషిలా లేదు. పై పళ్ళు కింది దవడకి గుచ్చి పంపిస్తే, యజమాని ఆ సెట్టు పట్టుకొచ్చి, ఇది పెట్టుకుని ఎవరు నమలాలమ్మా, ఆవా అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె నవ్వకుండా ఆ సెట్టు తీసుకుని మళ్ళీ మైనం వేడిచేసింది. నడుస్తున్నా, వండుతున్నా, వ్యాను చప్పుడు వింటున్నా ఒకటే భయం. అసలు మాట ఈ లోకంలో ఉన్నది రెండే రెండు బుర్రల్లో. ఒకదాన్ని జబ్బు తింటోంది. ఇంకోదాన్ని తనే తినేసింది.

చూసొద్దామని సెలవు అడిగింది కూడా. అప్పటికే వానలకి చరియలు విరిగిపడి కొండదారి మూసేశారు. అంతలో నర్సు ఫోను. చిన్నమ్మమ్మ ఆసుపత్రిలోనే ఉంది, మంచం దిగడం లేదు. కాళ్ళకి నీరు దిగింది. ఊపిరి అందక కూర్చునే ఉంటోంది, నొప్పికి మూలుగుతోంది. మత్తు సూది వేస్తామంటే వద్దంటోంది, మత్తులో ఉంటే పిల్ల తప్పు చెప్పినా తెలియదట.

"మీ కోసమేనండీ ఈ యాతనంతా. త్వరగా చెప్పేయండి, పుణ్యముంటుంది" అని, మంచం పక్కన స్టూలు మీద ఫోను పెట్టి నర్సు బయటికి వెళ్ళిపోయింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏదో ఒక మాట గట్టిగా చెప్పేస్తే ముసలావిడ నమ్ముతుంది, నొప్పి తీరి వెళ్ళిపోతుంది. అబద్ధంతో వెళ్ళిపోతుంది. తెర మీద ఆ మొహం చూశాక పళ్ళమ్మాయికి అది చేతకాలేదు. చేసిందంతా చెప్పేసింది. కుక్క దగ్గరనుంచి మొదలుపెట్టి, ఏయే వారం ఏమేం మార్చిందో, ఎందుకు మార్చిందో, దాచకుండా చెప్పింది. తిడుతుందనుకుంది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

ముసలావిడ తిట్టలేదు. "అయితే అసలు మాట ఏదే?" అని అడిగింది.

"నాకు తెలీడం లేదు అమ్మమ్మా. నీకు?"

చిన్నమ్మమ్మ నోరు కదిలింది. ఒక మాట అనబోయి ఆపుకుంది, ఇంకోటి అనబోయి ఆపుకుంది. మెల్లిగా ఆ మొహంలోకి భయం వచ్చింది. అంత వయసున్న మనిషి మొహంలో అలాంటి భయం పళ్ళమ్మాయి ఎప్పుడూ చూడలేదు. చీకట్లో అమ్మ చెయ్యి వదిలేసిన పసిపిల్ల మొహం అలా ఉంటుంది.

"నేను అవతలికి వెళ్తే అక్క ఎదురొస్తుందే. నా మాట తెచ్చావా అని అడుగుతుంది. ఏం చెప్పమంటావు?"

 అరల్లో దవడలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ముందు గదిలో ఎవరో సానపట్టే మోటారు వేశారు. అది కాసేపు గీపెట్టి ఆగింది. 

తరవాత ముసలావిడ మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ, ఏం చెయ్యాలో చెప్పింది. లేని మాట పెట్టకూడదు. మంచిదని ఒకటి ఏరుకోకూడదు. అలాగని కథని ఆపకూడదు. ఆ చోటికి వచ్చినప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పాలి. కథ ఎక్కడెక్కడ ఏం పోగొట్టుకుందో అది కూడా కథేనంది. నీ తరవాత నీ కూతురో, ఇంకెవరో, మోసేవాళ్ళంతా అలాగే చెప్పాలి అంది. అంటే ఆ జనం ఉన్నన్నాళ్ళూ, గుర్రాల సైన్యంతో పాటు, పొంగిన ఏరుతో పాటు, పళ్ళమ్మాయి చేసిన పని కూడా చెప్పుకుంటారు. ఆ సంగతి ఆమెకి అర్థమైంది. తప్పించమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు.

"చెప్పు. మొదటినుంచి చెప్పు" అంది ముసలావిడ.

పళ్ళమ్మాయి చెప్పింది. కొండల్ని వరసలో దాటించింది. పాపని ఏడ్వవలసిన చోట ఏడ్పించింది. అక్క నడుముకి తాడు చుట్టి, బండకి కాళ్ళు తన్నిపెట్టించింది. చెల్లెల్ని ఒడ్డెక్కించింది, కుక్క చేత నీళ్ళు తాగించింది. గుర్రాలు వచ్చాయి, తాడు ఏట్లో పడింది.  తెర మీద ముసలావిడ కళ్ళు ఆమె పెదాల మీదే ఉన్నాయి.

"అక్క ఒక మాట అరిచింది. ఆ మాట చాలాకాలం మా దగ్గర ఉంది. పట్నంలో పళ్ళు చేసుకునే ఒక ఆడది, తనవాళ్ళు ఇంకెవరూ మిగలరని భయపడి, దాన్ని చెరిపేసింది. అది నేనే. అక్క తాడు వదిలేసిందో, మేమే లాగేసుకున్నామో మాకిప్పుడు తెలీదు."

చిన్నమ్మమ్మ తల వెనక్కి వాల్చింది. భయం ఆ మొహంలోంచి పోలేదు. కానీ పనిలో పెద్దరికం తప్పని మనిషి కదా, అనాల్సిన మాట అంది.

"సరిగ్గా చెప్పావు."

ఇన్ని నెలలు ఏ మాట వినకూడదని ఇంత చేసిందో ఆ మాట వినేశాక, పళ్ళమ్మాయి ఫోనుని రెండు చేతులతో పట్టుకుని, అమ్మమ్మా, ఇంకొక్క మాట, ఇంకేదైనా మాట్లాడు అని బతిమాలింది. ముసలావిడ చెయ్యి చాపి, తెర మీద ఆమె చెవి ఉన్నచోట వేలితో ముట్టుకుంది. తరవాత నర్సుని కేకేసి, మాత్రలు అక్కడినుంచి తీసెయ్యమనీ, ఆ ఫోను ఇంక కట్టెయ్యమనీ చెప్పింది.